పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఆర్డునోకు ఏ బ్లూటూత్ మాడ్యూల్?

ప్రాజెక్టుల కాలం మొదలైంది. తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒక్క వస్తువు చుట్టే తిరిగాయి: ఆర్డునో అనే చిన్న ప్రోగ్రాం బోర్డుకు తగిలించే బ్లూటూత్ సీరియల్ మాడ్యూల్. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం. ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో అచ్చువేశాం. మీరు మాత్రం వాటిని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే కొట్టాలి.

ప్ర: నలుగురం కలిసి ఫోన్‌తో నడిచే బండి చేస్తున్నాం. షాపులో హెచ్‌సి-05, హెచ్‌సి-06, హెచ్‌ఎం-10 అని మూడు చూపించారు. సీనియర్లేమో ఈఎస్‌పీ32 తీసుకోమంటున్నారు. ఏది కొనాలి?
— బీటెక్ మూడో సంవత్సరం విద్యార్థి, తిరుపతి

జ: మాడ్యూల్ సంగతి తర్వాత. ముందు మీ నలుగురి ఫోన్లూ బల్ల మీద పెట్టండి. వాటిలో ఒక్క ఐఫోన్ ఉండి, దాంతోనూ బండి నడపాలనుకుంటే హెచ్‌సి-05, హెచ్‌సి-06 రెండూ పక్కకు పోతాయి.

కారణం ఇది. బ్లూటూత్ పేరుకు ఒకటే గానీ లోపల రెండు భాషలు. పాతదాన్ని క్లాసిక్ అంటారు. అందులో సీరియల్ పోర్ట్ ప్రొఫైల్, పొట్టిగా ఎస్‌పీపీ, అనే పద్ధతి ఉంది. ఫోనుకూ మాడ్యూలుకూ మధ్య కంటికి కనపడని సీరియల్ వైరు లాగినట్టు పనిచేస్తుంది. హెచ్‌సి-05, హెచ్‌సి-06లకు వచ్చిన భాష ఇదే. రెండోది బీఎల్‌ఈ, అంటే బ్లూటూత్ లో ఎనర్జీ, బ్లూటూత్ 4.0తో వచ్చింది. హెచ్‌ఎం-10కి ఇదొక్కటే తెలుసు. ఆండ్రాయిడ్ ఫోన్లకు రెండూ వచ్చు. ఐఫోన్‌లో మాత్రం యాపిల్ అనుమతి పొందిన పరికరాలకు తప్ప ఎస్‌పీపీకి దారి లేదు. బీఎల్‌ఈకి అడ్డు లేదు. ఐఫోన్ సెట్టింగుల్లో హెచ్‌సి-05 కోసం గంటలు గంటలు వెతికేవాళ్ల కష్టానికి మూలం ఇదే. అది మాడ్యూల్ తప్పు కాదు, ఫోన్ తప్పూ కాదు.

నలుగురివీ ఆండ్రాయిడ్ ఫోన్లే అయితే హెచ్‌సి-05 తీసుకోండి. హెచ్‌సి-06 ఎప్పుడూ స్లేవ్‌గానే ఉంటుంది, అంటే ఎవరైనా వచ్చి పలకరిస్తేనే పలుకుతుంది. హెచ్‌సి-05ను మాస్టర్‌గానూ మార్చుకోవచ్చు. ఈ ఏడాది బండి అయ్యాక వచ్చే ఏడాది రెండు ఆర్డునోలను కలపాలన్నా అదే మాడ్యూల్ పనికొస్తుంది. పైగా దాని మీద బొత్తం ఉంటుంది, సెట్టింగులు మార్చడం తేలిక.

ఆర్డునో బోర్డు ఇంకా కొనలేదా? అయితే మీ సీనియర్ల మాట వినండి. ఈఎస్‌పీ32లో ప్రాసెసర్, వైఫై, క్లాసిక్ బ్లూటూత్, బీఎల్‌ఈ అన్నీ ఒకే బోర్డులో ఉన్నాయి. వేరే మాడ్యూల్ అక్కర్లేదు. కానీ ఇక్కడే చాలామంది దెబ్బ తింటున్నారు. క్లాసిక్ బ్లూటూత్ ఉన్నది మొదట వచ్చిన అసలు ఈఎస్‌పీ32లో. పేరు చివర ఎస్3, సీ3 అని ఉంటే బీఎల్‌ఈ మాత్రమే ఉంటుంది. ఎస్2లో బ్లూటూత్ అసలే లేదు. 'బ్లూటూత్‌సీరియల్' లైబ్రరీతో రాసిన ప్రోగ్రాం సీ3 బోర్డు మీద కంపైల్ కూడా కాదు. బోర్డు చిన్నగా, ముద్దుగా ఉందని తీసుకోకుండా రేకు డబ్బా మీద చెక్కిన పేరు చదివి కొనండి.

రేణిగుంటలో రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి కొనేవాళ్లకు ఒక మాట. హెచ్‌సి-05 అని చెప్పి ఇచ్చే బోర్డుకు ఆరు పిన్నులూ ఒక చిన్న బొత్తమూ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. నాలుగే పిన్నులు బయటికి వచ్చి బొత్తం లేకపోతే అది ఎక్కువసార్లు హెచ్‌సి-06 లేదా అలాంటి స్లేవ్ మాడ్యూలే. వెనక ప్లాస్టిక్ తొడుగు మీద అచ్చయిన పేరును నమ్మకండి. అదే బోర్డును రెండు పేర్లతో అమ్ముతుంటారు.

ప్ర: హెచ్‌సి-05 పేరు మార్చాలని 'ఏటీ' కొడితే 'ఓకే' రావడం లేదు. మూడు రోజులుగా ఇదే పని. మాడ్యూల్ కాలిపోయిందా?
— డిప్లొమా విద్యార్థిని, చిత్తూరు

జ: కాలిందో లేదో అర నిమిషంలో తేలుతుంది. వీసీసీ (కరెంటు వచ్చేది), గ్రౌండ్ వైర్లు అలాగే ఉంచి ఆర్డునోకు వెళ్లే మిగతా రెండు వైర్లూ పీకేయండి. మాడ్యూల్ మీది టీఎక్స్‌డీ (పంపేది), ఆర్‌ఎక్స్‌డీ (అందుకునేది) పిన్నులు రెండింటినీ ఒకే ఫిమేల్ జంపర్ వైరుతో కలపండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగులకు వెళ్లి మాడ్యూల్‌ను జత చేయండి (పిన్ 1234, కాకపోతే 0000). తర్వాత ఏదైనా బ్లూటూత్ టెర్మినల్ యాప్ తెరిచి దానికి కనెక్ట్ అయి నాలుగు అక్షరాలు పంపండి. పంపినవే తిరిగి వస్తే మాడ్యూల్ నిక్షేపంగా ఉంది, తప్పు ఆర్డునో వైపు ఉంది. దుకాణంలో కొనేటప్పుడు కూడా ఒక పవర్ బ్యాంకు, మూడు వైర్లు వెంట ఉంటే కౌంటర్ దగ్గరే ఈ పరీక్ష చేసుకోవచ్చు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. సెట్టింగుల్లో జత చేశాక కూడా మాడ్యూల్ లైటు గబగబా కొట్టుకుంటూనే ఉంటుంది. జత చేయడం వేరు, కనెక్ట్ కావడం వేరు. యాప్ నుంచి కనెక్ట్ అయ్యాకే లైటు నెమ్మదించి, ఉండుండి చకచకా రెండుసార్లు మెరిసి ఆగుతుంది.

ఇక ఏటీ సంగతి, అంటే మాడ్యూల్ సెట్టింగులు మార్చే ఆదేశాల సంగతి. కరెంటు ఇచ్చాక బొత్తం నొక్కుతున్నారేమో చూసుకోండి. అలా నొక్కితే కమాండ్ మోడ్‌లోకి వెళ్తుంది గానీ వేగం మాత్రం మామూలుగా మాట్లాడే వేగమే, సాధారణంగా సెకనుకు 9600 బిట్లు. వీడియోల్లో చెప్పే 38400 రావాలంటే వీసీసీ వైరు పీకి, బొత్తం నొక్కి పట్టుకొని, వైరు మళ్లీ గుచ్చి, అప్పుడు వదలాలి. సరిగా వెళ్తే లైటు రెండు సెకన్లు వెలిగి రెండు సెకన్లు ఆరుతుంది. మీ మూడు రోజులూ ఈ రెండు పద్ధతుల మధ్యే పోయి ఉంటాయని మా అనుమానం.

సీరియల్ మానిటర్ కింద లైన్ ఎండింగ్ దగ్గర 'బోత్ ఎన్‌ఎల్ అండ్ సీఆర్' ఎంచుకోండి. హెచ్‌సి-05 ఈ రెండు గుర్తులూ వస్తే గానీ ఆదేశం పూర్తయిందనుకోదు. హెచ్‌సి-06 దీనికి సరిగ్గా వ్యతిరేకం. దానికి లైన్ ఎండింగ్ ఉండకూడదు, సమాన గుర్తు కూడా వాడదు. 'ఏటీ+నేమ్' పక్కనే పేరు అతికించి కొట్టాలి. ఒకదాని పాఠం చూసి ఇంకోదానికి కొడితే రెండూ మౌనంగానే ఉంటాయి.

మొదటి ఆదేశానికి 'ఎర్రర్:(0)' వస్తే కంగారు పడకండి. కరెంటు వచ్చిన క్షణంలో లైనులో చేరిన చెత్త అక్షరాల వల్ల అది వస్తుంది. ఇంకోసారి 'ఏటీ' కొట్టండి. 'ఏటీ+నేమ్?' అని పేరు అడిగితే జవాబు రాకపోవడం కూడా మామూలే. కొన్ని ఫర్మ్‌వేర్లలో (మాడ్యూల్ లోపలి ప్రోగ్రాముల్లో) బొత్తం నొక్కి ఉంచితేనే దానికి జవాబిస్తుంది. పిన్ మార్చేటప్పుడు కొత్త ఫర్మ్‌వేర్ ఉన్నవాటికి అంకెలకు రెండు వైపులా కొటేషన్ గుర్తులు పెట్టాలి, పాతవాటికి అక్కర్లేదు. ఒకటి కుదరకపోతే రెండోది వేయండి.

ప్ర: ఆర్డునో ఊనో బోర్డు 5 వోల్టులు ఇస్తుంది, హెచ్‌సి-05 ఆర్‌ఎక్స్ పిన్ను 3.3 వోల్టులే అంటారు. మా స్నేహితుడు నేరుగా తగిలించాడు, ఆరు నెలలుగా పనిచేస్తోంది. రెసిస్టర్లు నిజంగా కావాలా?
— బీఎస్సీ విద్యార్థి, శ్రీకాళహస్తి

జ: కావాలి. మీ స్నేహితుడి మాడ్యూల్ ఇన్నాళ్లు ఓర్చుకుంది, అంతే. వీసీసీకి 5 వోల్టులు ఇవ్వొచ్చు, ఎందుకంటే ఆ దారిలో బోర్డు మీద రెగ్యులేటర్ ఉంది. ఆర్‌ఎక్స్ దారిలో ఏమీ లేదు, ఊనో ఇచ్చే 5 వోల్టులూ నేరుగా చిప్పును తాకుతాయి.

ఒక కిలో ఓమ్ రెసిస్టర్లు మూడు చాలు. ఊనో పంపే పిన్ను నుంచి ఒక రెసిస్టర్ మాడ్యూల్ ఆర్‌ఎక్స్‌కు వేయండి. ఆ ఆర్‌ఎక్స్ దగ్గర నుంచి రెండు రెసిస్టర్లు వరసగా గ్రౌండుకు వేయండి. 5 వోల్టుల్లో మూడింట రెండొంతులు, అంటే 3.33 వోల్టులు, మాడ్యూలుకు అందుతాయి. మాడ్యూల్ టీఎక్స్ నుంచి ఊనోకు వచ్చే వైరుకు ఏమీ అక్కర్లేదు. ఆ 3.3 వోల్టులను ఊనో ఒకటిగానే చదువుకుంటుంది. ఈఎస్‌పీ32 వాడేవాళ్లకు ఈ గొడవే లేదు, అది 3.3 వోల్టుల బోర్డే.

ప్ర: మాడ్యూల్ తగిలించి ఉంటే ప్రోగ్రాం అప్‌లోడ్ కావడం లేదు. 'నాట్ ఇన్ సింక్' అంటోంది.
— బీటెక్ విద్యార్థి, పుత్తూరు

జ: ఊనోలో 0, 1 పిన్నులకు తగిలించారు కదా. యూఎస్‌బీ నుంచి ప్రోగ్రాం వచ్చేది కూడా ఆ దారినే. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే మూడోవాడికి ఏమీ అర్థం కాదు. అప్‌లోడ్ చేసేటప్పుడు 0 పిన్ను వైరు ఒక్కటి పీకి, అయ్యాక గుచ్చండి. విసుగనిపిస్తే 'సాఫ్ట్‌వేర్‌సీరియల్' లైబ్రరీతో 10, 11 పిన్నులకు మార్చుకోండి, అయితే వేగం 9600 దగ్గరే ఉంచండి. ఆ లైబ్రరీతో 115200 దగ్గర అక్షరాలు చెడిపోతాయి. మెగా బోర్డు ఉంటే ఈ తంటాలేవీ వద్దు. 18, 19 పిన్నుల్లో ఇంకో సీరియల్ ఖాళీగానే ఉంది.

ప్ర: బండి బల్ల మీద చక్రాలు పైకెత్తి పెడితే బాగా తిరుగుతుంది. నేల మీద పెట్టి ముందుకు అనగానే బ్లూటూత్ తెగిపోతుంది. మూడు మాడ్యూళ్లు మార్చాం. ఇంకా మంచి మాడ్యూల్ ఏదైనా ఉందా?
— ఇంజనీరింగ్ విద్యార్థులు, చంద్రగిరి

జ: నాలుగోది కొనకండి. ఆ మూడూ మంచివే అయి ఉంటాయి. మీ బండిలో కరెంటు చాలడం లేదు.

నిలబడి ఉన్న మోటారు కదలాలంటే తొలి క్షణంలో మామూలుగా తిరిగేటప్పటి కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. చక్రాలు గాలిలో ఉంటే ఆ క్షణం ఇట్టే దాటిపోతుంది. నేల మీద బండి బరువును కదిలించాలి కాబట్టి ఆ లాగుడు ఎక్కువసేపు ఉంటుంది. అంతలో బ్యాటరీ వోల్టేజీ కుంగుతుంది, దానితోపాటు 5 వోల్టుల లైనూ కుంగుతుంది.

ఏది పడిపోతోందో కళ్లతోనే చూడొచ్చు. బండిని నేల మీద పెట్టి, ఫోన్ పక్కవారికిచ్చి, మీరు వంగి లైట్లు చూడండి. 'ముందుకు' అనగానే హెచ్‌సి-05 లైటు గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టి, ఊనో మీద 'ఎల్' అని రాసి ఉన్న లైటులో మార్పు లేకపోతే మాడ్యూల్ ఒక్కటే రీసెట్ అయింది. 'ఎల్' లైటు కూడా టకటకా మెరిస్తే ఊనో మొత్తం రీసెట్ అయింది. రెండో రకమే ఎక్కువగా చూస్తాం.

మీరు వాడుతున్నది 9 వోల్టుల చదరపు బ్యాటరీ అయితే దాన్ని ఈరోజే పక్కన పెట్టండి. అది పొగ అలారంలాంటి చిన్న పనుల కోసం చేసింది. మోటార్లు అడిగే కరెంటు దాని లోపలి నుంచి రాదు. 18650 లిథియం సెల్లులు రెండు వరసగా పెడితే 7.4 వోల్టులు, నిండుగా ఛార్జి ఉంటే 8.4 వస్తాయి. రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్లులే తీసుకోండి, సరైన ఛార్జర్‌తోనే ఛార్జి చేయండి.

మోటారు డ్రైవర్, అంటే మోటార్లకు కరెంటు అందించే బోర్డు, ఎల్298ఎన్ అయితే దాని గురించీ తెలుసుకోండి. అందులో దాదాపు 2 వోల్టులు వేడిగా పోతాయి, 7.4 పెడితే మోటారుకు చేరేది అయిదున్నర లోపే. దాని మీదే ఉన్న 5 వోల్టుల రెగ్యులేటర్ సరిగా పనిచేయాలంటే లోపలికి 7 వోల్టులైనా రావాలి. సెల్లులు కొంచెం దిగగానే, మోటార్లు లాగిన ప్రతిసారీ, అది చేతులెత్తేస్తుంది. అందుకే ఊనోకూ మాడ్యూలుకూ ఆ 5 వోల్టులను నమ్ముకోకండి. బ్యాటరీ నుంచి నేరుగా వోల్టేజీ తగ్గించే ఒక చిన్న బక్ కన్వర్టర్ వేసి, మల్టీమీటర్‌తో చూస్తూ స్క్రూ తిప్పి సరిగ్గా 5 వోల్టులకు పెట్టి, ఊనో 5 వోల్టుల పిన్నుకు ఇవ్వండి. తిప్పాకే తగిలించండి. తగిలించి తిప్పితే బోర్డు పోయే ప్రమాదం ఉంది. డ్రైవర్ గ్రౌండ్, ఊనో గ్రౌండ్, కన్వర్టర్ గ్రౌండ్ అన్నీ ఒకచోట కలవాలి.

తర్వాత కెపాసిటర్లు. ఒక్కో మోటారు రెండు కాళ్ల మధ్య, వీలైనంత దగ్గరగా, '104' అని రాసి ఉండే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ ఒకటి సోల్డర్ చేయండి. అది బ్రష్‌ల నిప్పురవ్వల వల్ల వచ్చే గోలను అక్కడికక్కడే మింగుతుంది. డ్రైవర్‌కు బ్యాటరీ వచ్చే చోట 470 మైక్రోఫారడ్, 16 వోల్టుల ఎలక్ట్రోలిటిక్ ఒకటి వేయండి. మాడ్యూల్ వీసీసీకీ గ్రౌండుకూ మధ్య 100 మైక్రోఫారడ్ ఇంకొకటి. గీత ఉన్న వైపు నెగటివ్, తిరగేస్తే పగులుతుంది.

మాడ్యూల్ ఎక్కడ పెట్టారో కూడా చూసుకోండి. బోర్డు కొసన పాము మెలికల్లా కనిపించేదే యాంటెన్నా. దాని కింద రేకు చాసిస్ గానీ బ్యాటరీ గానీ ఉంటే సిగ్నల్ సగం అక్కడే పోతుంది. ఆ కొస గాలిలోకి చాచుకొని ఉండాలి.

ఇన్ని చేసినా సంబంధం ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది, బండి చివరి ఆదేశం మీదే దూసుకుపోతుంది. ప్రదర్శన రోజు మెట్ల మీది నుంచి పడే బళ్లు ఇవే. ఫోన్ నుంచి సెకనుకు నాలుగైదుసార్లు ఆదేశం పంపండి, అర సెకను పాటు ఏమీ రాకపోతే మోటార్లు ఆపేసేలా ప్రోగ్రాం రాయండి. మాడ్యూల్ 'స్టేట్' పిన్నును ఊనో చదివేలా పెట్టినా మంచిదే. కనెక్ట్ అయి ఉన్నంతసేపే ఆ పిన్ను హైగా ఉంటుంది.

ప్ర: ఫోన్ నుంచి 1 పంపితే ఊనోలో 49 అని వస్తోంది. తర్వాత 13, 10 అని ఇంకో రెండు.
— ఇంటర్ విద్యార్థి, నగరి

జ: ఏమీ చెడిపోలేదు. ఫోన్ పంపింది '1' అనే అక్షరం, దాని ఆస్కీ సంఖ్య 49. ప్రోగ్రాంలో 1తో కాకుండా సింగిల్ కోట్స్‌లో పెట్టిన '1'తో పోల్చండి. 13, 10 అనేవి లైను ముగిసిందని యాప్ చివర తగిలించే గుర్తులు. యాప్ సెట్టింగుల్లో తీసేయండి లేదా ప్రోగ్రాంలో వదిలేయండి. అక్షరాలకు బదులు అడ్డదిడ్డం గుర్తులు వస్తే మాత్రం రెండు వైపులా వేగం కలవలేదని అర్థం.

ప్ర: మా బోరు ఇంటికి మూడు వందల మీటర్ల దూరం ఉండాది. రాత్రిపూట కరెంటొస్తే చేను కాడికి పోలేక ఉండాము. ఫోన్లో బ్లూటూత్‌తో మోటరు ఆన్ చేసే మాదిరి మా పిల్లోడు చేస్తానంటా ఉండాడు. ఏ మాడ్యూల్ కొనాలప్పా?
— రైతు, బంగారుపాళ్యం

జ: అబ్బాయి ఉత్సాహం మంచిదే గానీ ఈ పనికి బ్లూటూత్ వద్దు, అన్నా. ఈ చిన్న మాడ్యూళ్లు ఖాళీ స్థలంలో పది మీటర్లకు చేసినవి. మధ్యలో గోడ, మామిడి తోట ఉంటే అదీ రాదు. ఆకుల్లోని తడి ఈ తరంగాలను పీల్చేస్తుంది.

దూరం కంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది. హాబీ కిట్లలో వచ్చే నీలం రంగు రిలే 250 వోల్టులకు చేసింది. మూడు ఫేజుల స్టార్టర్లో కాయిల్ చాలాచోట్ల రెండు ఫేజుల మధ్య ఉంటుంది, అంటే 415 వోల్టులు. ఆ చిన్న రిలేను అక్కడ పెడితే కాంటాక్టులు అతుక్కుపోతాయి, మోటారు ఆగదు, మనిషికీ ప్రమాదం. అందుకని తయారుగా దొరికే మొబైల్ స్టార్టర్ పెట్టెనే తీసుకొని, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత బిగించుకోండి. ఫేజు పోయినప్పుడు, బోరులో నీళ్లు లేనప్పుడు మోటారును ఆపే ఏర్పాటు అందులో ఉందో లేదో అడిగి తీసుకోండి. మీ స్టార్టర్‌లో ఇప్పటికే ఉన్న రక్షణ వైర్లను దాటేసి కలిపితే ఒప్పుకోవద్దు.

అబ్బాయికి విడిగా ఒక మాట. తొట్టిలో నీళ్ల మట్టం ఇంట్లో కనపడేలా చేయడం నీకు సరైన ప్రాజెక్టు. దానికి లోరా మాడ్యూళ్లు, అంటే దూరానికి కొద్దిపాటి సమాచారం పంపే రేడియోలు, రెండు తీసుకో. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్‌లో పనిచేసేవి, '868' అని రాసి అమ్మేవి, కొను. 915 వద్దు. సిమ్ పెట్టే మాడ్యూల్ అనుకుంటే సిమ్800ఎల్ 2జీ మాత్రమే. జియోకు 2జీ నెట్‌వర్కే లేదు కాబట్టి ఆ సిమ్ అందులో పలకదు. 4జీ మాడ్యూలే తీసుకో.

ప్ర: పట్టుపురుగుల షెడ్డులో వేడి, తేమ ఎంతుందో ఐఫోన్‌లో చూడాలి. హెచ్‌ఎం-10 కొన్నాను. ఫోన్ బ్లూటూత్ సెట్టింగుల్లో కనపడడం లేదు.
— పట్టు రైతు, పలమనేరు

జ: సెట్టింగుల్లో వెతక్కండి. బీఎల్‌ఈ మాడ్యూలును అక్కడ జత చేసే పనిలేదు, నేరుగా యాప్ నుంచే కనెక్ట్ కావాలి. 'లైట్‌బ్లూ' లాంటి బీఎల్‌ఈ యాప్ వేసుకొని స్కాన్ చేస్తే కనపడుతుంది. లోపలికి వెళ్తే ఎఫ్‌ఎఫ్‌ఈ0 అనే సర్వీసు, దాని కింద ఎఫ్‌ఎఫ్‌ఈ1 అనే క్యారెక్టరిస్టిక్ ఉంటాయి. ఆ రెండోదాని దగ్గర నోటిఫై నొక్కి, అంకెలు అక్షరాలుగా కనపడేందుకు యూటీఎఫ్-8 ఎంచుకోండి. ఇంట్లో ఆండ్రాయిడ్ వాడేవాళ్లు కూడా చూడాలంటే, ఆండ్రాయిడ్ 12 నుంచి 'నియర్‌బై డివైసెస్' అనుమతి ఇవ్వాలి. అంతకు పాత ఫోన్లలో లొకేషన్ ఆన్ చేయకపోతే స్కాన్‌లో ఏమీ రాదు.

హెచ్‌ఎం-10 ఒక విడతలో 20 బైట్లే పంపుతుంది. మీ సమాచారం 'టీ25.4,హెచ్78.2' అన్నట్టు, ఇంగ్లిష్ అక్షరంతో, పొట్టిగా ఉంటే లైను ముగింపుతో కలిపి 13 బైట్లలో సరిపోతుంది. ఫోన్‌లో తెలుగులో కనపడితే బాగుంటుందని 'ఉష్ణోగ్రత' అని పంపితే మాత్రం ముక్కలవుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతం, పొల్లు ఒక్కోటి మూడేసి బైట్లు తింటాయి. 'తేమ' అన్న రెండక్షరాలకే తొమ్మిది బైట్లు. తెలుగు పేర్లు ఫోన్ యాప్‌లో రాసుకొని, గాలిలో అంకెలే పంపడం మేలు.

మీ దగ్గరున్నది నకలు మాడ్యూల్ కావచ్చు, మార్కెట్లో అవే ఎక్కువ. అసలు హెచ్‌ఎం-10కి లైన్ ఎండింగ్ లేకుండా 'ఏటీ' కొడితే 'ఓకే' వస్తుంది. నకలుకు సీఆర్, ఎన్‌ఎల్ రెండూ కావాలి, దాని ఆదేశాలు కూడా కొన్ని వేరు. ఫోనుకు అంకెలు పంపే వరకు నకలుతోనూ పని జరుగుతుంది, దానికోసం మళ్లీ డబ్బు పెట్టకండి.

సెన్సర్ డీహెచ్‌టీ22 అయితే దాన్ని రెండు సెకన్లకోసారి మించి చదవకండి. డేటా పిన్ను నుంచి వీసీసీకి 10 కిలో ఓమ్ రెసిస్టర్ వేయండి. పెద్ద పురుగులకు మీరు చూసుకునే 24–26 డిగ్రీలు, 70–75 శాతం తేమ దగ్గర అది చక్కగా పనిచేస్తుంది. దాన్ని గోడకు కాకుండా తట్టల ఎత్తులో వేలాడదీయండి, పురుగుకు తగిలే గాలినే అది కూడా పీల్చాలి. షెడ్డును బ్లీచింగ్ పౌడర్‌తోనో ఫార్మలిన్‌తోనో శుద్ధి చేసే రోజు సెన్సర్‌ను విప్పి బయట పెట్టండి. ఆ ఆవిరికి తేమ కొలిచే పొర దెబ్బతిని, తర్వాత అంకెలు తప్పుగా చూపిస్తుంది. అలా తప్పు చూపిస్తున్నట్టు బయటికి తెలియదు, నష్టం అక్కడే. మీరు షెడ్డు దగ్గర ఉన్నప్పుడే బ్లూటూత్‌లో కనపడుతుంది. రాత్రంతా ఏమైందో ఉదయం చూడాలంటే మెమరీ కార్డు మాడ్యూల్ ఒకటి జోడించండి.

ప్ర: ఫోన్ లేకుండా రెండు ఆర్డునోలు తమలో తాము మాట్లాడుకోవాలి. సైన్స్ ఫెయిర్‌లో పిల్లలకు చూపించడానికి.
— ఉపాధ్యాయురాలు, శ్రీకాళహస్తి

జ: హెచ్‌సి-05లు రెండు తీసుకోండి మేడం. ఒక హెచ్‌సి-05, ఒక హెచ్‌సి-06 అయినా చాలు, హెచ్‌సి-05 మాస్టర్ కావాలి. రెండూ హెచ్‌సి-05లైతే రెండింటినీ 38400 కమాండ్ మోడ్‌లో పెట్టండి. స్లేవ్ కాబోయేదానికి 'ఏటీ+రోల్=0', 'ఏటీ+యూఏఆర్‌టీ=9600,0,0' ఇచ్చి, 'ఏటీ+ఏడీడీఆర్?' అడిగి చిరునామా రాసుకోండి. అది 1234:56:789012 అన్నట్టు కోలన్లతో వస్తుంది. మాస్టర్‌కు 'ఏటీ+రోల్=1', అదే యూఏఆర్‌టీ వేగం, అదే పిన్, 'ఏటీ+సీమోడ్=0', చివర 'ఏటీ+బైండ్=1234,56,789012' ఇవ్వండి. కోలన్లు ఉన్నచోట కామాలు పెట్టాలి. తొంభై శాతం తప్పు ఇక్కడే జరుగుతుందని చెప్పొచ్చు, పిల్లల చేత రెండుసార్లు చదివించండి. కరెంటు తీసి ఇస్తే కొన్ని సెకన్లలో రెండు లైట్లూ ఒకే తీరుగా నెమ్మదిగా మెరుస్తాయి. అలా కాకపోతే మాస్టర్‌లో 'ఏటీ+ఆర్‌ఎంఏఏడీ' కొట్టి పాత జతలు చెరిపేసి మళ్లీ ప్రయత్నించండి. హెచ్‌ఎం-10కీ హెచ్‌సి-05కీ మాత్రం జత కుదరదు, భాషలే వేరు.

ప్ర: హెచ్‌సి-05తో ఇంటి తలుపు తాళం చేశాను, బాగుంది. పది చేసి అమ్మాలనుకుంటున్నాను.
— ఐటీఐ పూర్తి చేసిన యువకుడు, చిత్తూరు

జ: పని బాగా చేసినందుకు అభినందనలు. అమ్మే ముందు రెండు విషయాలు సరిచేయాలి. పిన్ 1234గా వదిలేస్తే గోడ అవతలి నుంచి ఎవరైనా జత చేసుకొని తెరవగలరు. మార్చినా నాలుగంకెల పిన్ మీదే తలుపును వదలకూడదు. ఫోన్, తాళం రెండూ ఒక రహస్య సంఖ్యను పంచుకొని, ప్రతిసారీ మారే కోడ్‌తో ఆదేశం నడిచేలా ప్రోగ్రాం రాయండి. నిన్న పట్టుకున్న కోడ్ ఈరోజు పనికిరాకూడదు. కరెంటు పోయినా, లోపల మనిషి ఉంటే చేత్తో తెరుచుకునే ఏర్పాటు కూడా ఉండాలి.

రెండోది, రేడియో ఉన్న వస్తువును మన దేశంలో అమ్మాలంటే టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ అనే పరికర అనుమతి ఉండాలి. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో. దానికి రేడియో పరీక్ష నివేదిక అడుగుతారు. పేరూ ఊరూ లేని హెచ్‌సి-05 నకలుకు అది ఎవరూ ఇవ్వలేరు. సర్క్యూట్ బోర్డు గీయించే ముందే, పరీక్ష నివేదిక ఇవ్వగల తయారీదారు మాడ్యూల్ ఎంచుకోండి. తర్వాత మారిస్తే బోర్డు మళ్లీ గీయించాల్సి వస్తుంది.